తారాబాబు మరిచిపోయిన మాట

దేవుడమ్మ చేసే పని ఎవరికీ కనపడకూడదు. కనపడిందంటే పని చెడిందన్నమాట. నాటకం ఆడుతున్నప్పుడు తెర పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, మాట మరిచిపోయిన నటుడికి మొదటి రెండు ముక్కలూ అందించాలి. దాన్ని ప్రాంప్టింగ్ అంటారు. ఆ రెండు ముక్కలూ నటుడి చెవిన పడాలిగాని, ముందు వరసలో కూర్చుని వేరుశనక్కాయలు నములుతున్నవాడి చెవిన పడకూడదు. గొంతు అలా కొలిచి వదలడం ఆవిడకి ఎవరూ నేర్పలేదు. చిన్నతనంలో రబ్బరుతోటలో పాలు గీసేటప్పుడు, పక్క వరసలో ఉన్న దాలమ్మతో మేస్త్రీకి వినపడకుండా కబుర్లు చెప్పీ చెప్పీ అబ్బిన విద్య అది.

ఆ తోట మలయు దేశంలో, సుంగై పెటాని ఊరికి కాస్త ఎడంగా ఉండేది. ఇప్పుడక్కడ రబ్బరు చెట్టు మందుకైనా దొరకదు. తోట చేతులు మారింది, చెట్లు పోయాయి, పామాయిల్ వచ్చింది, అదీ పోయింది. మిగిలింది కూలీల లైను ఒక్కటే. ఒకే రేకు కప్పు కింద వరసగా ముప్పై ఇళ్ళు, చివర చిన్న హాలు, వాటి ముందు బొప్పాయి చెట్లు, మోటారు సైకిళ్ళు. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన ముత్తాతల మునిమనవలు అక్కడే ఉంటూ ఫ్యాక్టరీలకు వెళ్ళి వస్తుంటారు. దేవుడమ్మ ఆ లైనులోనే పుట్టింది, నాలుగు ఇళ్ళ అవతలికి కోడలిగా వెళ్ళింది, మొగుడు తాతబాబును అక్కడి నుంచే సాగనంపింది. అరవై దాటిన మనిషికి ఇంతకన్నా చిరునామా ఏం కావాలి.

నాటకాల్లో మాటలు మరిచిపోయినవాళ్ళు ఆవిడకి చాలామంది తెలుసు. కాని మానకుండా మరిచిపోతూ వచ్చినవాడు ఒక్కడే. పైగా ఆయన నటుడు కాదు, ఆ మాటలన్నీ రాసినవాడు.

ఆయన పేరు తారాపద ఘోషాల్. బెంగాలీ. తండ్రి కలకత్తా వైపు నుంచి తోట ఆసుపత్రిలో మందులిచ్చే ఉద్యోగానికి వచ్చాడు. చుట్టుపక్కల ఇంకో బెంగాలీ కుటుంబం లేదు. ఆ దేశంలో బెంగాలీ అంటే జనానికి తలపాగా చుట్టుకున్న పంజాబీలే గుర్తొస్తారు గనక, ఈయన్ని బెంగాలీ అని పరిచయం చేస్తే అందరూ ముందు తలవైపు చూసేవారు. అక్కడ తలపాగా లేదు సరే, ముప్పై ఏళ్ళు నిండేసరికి జుట్టూ లేదు. లైనులో వాళ్ళకి తారాపద అనడం బరువైపోయి తారాబాబు అన్నారు. వాళ్ళ ఊళ్ళలోనూ బాబే, బెంగాలులోనూ బాబే, కాబట్టి ఆ పేరు ఎవరికీ అరువు తెచ్చుకున్నట్టు అనిపించలేదు.

తారాబాబుకి తెలుగు లైను పిల్లలతో గోళీలాడి వచ్చింది. ఇంట్లో తల్లితో బెంగాలీ, బయట దేవుడమ్మతో, తాతబాబుతో తెలుగు. పెద్దయ్యాక సుంగై పెటానిలో బడిపంతులయ్యాడు. బడి నుంచి రాగానే నాటకాలు రాసేవాడు. అవీ బెంగాలీలో. నాలుగంకాలు, డజను పాత్రలు, కత్తులు, కన్నీళ్ళు, వీటన్నిటికీ ప్రేక్షకురాలు ఆయన తల్లి ఒక్కతే. ఆవిడ మంచం మీద కూర్చుని వినేది, ఏడవాల్సిన చోట ఏడ్చేది, చివర "అన్నం తిను" అనేది. ఆవిడ పోయాక ఇంట్లో వినేవాళ్ళు లేకపోయారు.

కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. ఓ సాయంత్రం లైను చివరి హాలులోకి వచ్చి, క్యారమ్స్ ఆడుతున్న తాతబాబు ముందు నిలబడి, "ఒక కథుంది, ఇంటావా" అన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళ పద్ధతి అదే. తారాబాబు హాలులో ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తూ, చేతులు తిప్పుతూ, తనకొచ్చిన తెలుగులో ప్రతి పాత్రా తనే అయి చెప్పేవాడు. తాతబాబు దాన్ని పట్టుకుని లైను భాషలోకి మార్చి తిరిగి పలికేవాడు. ఆ పలికినదాన్ని దేవుడమ్మ గుర్తుపెట్టుకునేది. ముగ్గురూ కలిస్తే ఒక నాటకకర్త. వాళ్ళలో ఏ ఒక్కరికి జ్వరమొచ్చినా ఆ వారం నాటకం ముందుకు కదిలేది కాదు.

లైనులో కుళాయి లేక ఆడవాళ్ళు వాగు నీళ్ళు మోసే రోజుల్లో ఒక నాటకం ఆడారు. అందులో ఒక రాజుకి దాహమవుతుంది. రాజ్యమంతా వెతికినా నీళ్ళుండవు, ఎందుకంటే నీళ్ళన్నీ ఆయన స్నానాలతొట్టిలోనే ఉంటాయి. తోట మేనేజరు ముందు వరసలో కూర్చుని పగలబడి నవ్వాడు. ఇంటికెళ్ళి స్నానం చేస్తుంటే అర్థమైందో ఏమో, నెల తిరక్కుండా లైనులో కుళాయి పెట్టించాడు. జనానికి అప్పుడో లెక్క తోచింది. నాటకం రాస్తేనే కుళాయి తెచ్చిన మనిషి, ఓటేస్తే ఇంకేం తేడు. ఏళ్ళు గడిచి, తారాబాబు పంతులు పని నుంచి రిటైరయ్యాక, ఆ లెక్క పట్టుకునే ఆయన్ని అధికార పార్టీ తరఫున రాష్ట్ర శాసనసభకు నిలబెట్టారు.

మొదటి ఎన్నికల సభలో మైకు ముందుకొచ్చి, "సోదర సోదరీమణులారా" అని ఆగిపోయాడు. ఊరందరికీ మాటలు రాసిచ్చిన మనిషికి తన మాట దొరకలేదు. ఎందుకైనా మంచిదని వేదిక వెనక నిలబడ్డ దేవుడమ్మ, అలవాటు కొద్దీ "మన పిల్లల బడి" అంది. అంతే, తారాబాబు అందుకుని ముప్పావుగంట మాట్లాడాడు. ఆ రోజు నుంచి ఆయన ఎక్కడ మాట్లాడినా వెనక ఒక స్టూలు ఉండాల్సిందే. మలయు, తమిళం, తెలుగు, ఏ భాషలోనైనా ముందు రోజు ఆవిడ వరండాలో అప్పజెప్పి చూసుకునేవాడు. "ఘోషాల్ వెనక ఆడమనిషి పలికిస్తుంది" అని ప్రతిపక్షం వాడు ఎగతాళి చేస్తే, "నా వెనకున్న మనిషి మీకు కనపడుతోంది కదా, మీ వెనకున్నవాళ్ళని కూడా ఒకసారి చూపించండి" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం ఎవరూ అందించకుండా తనే అన్నాడు. గెలిచాడు. మళ్ళీ గెలిచాడు.

నాయకుడిగా తారాబాబు గొప్పవాడని దేవుడమ్మ ఏనాడూ అనుకోలేదు. మంచివాడు, అంతే. ఎవరి పెళ్ళికి పిలిచినా వెళ్ళేవాడు, ఎవరు పెట్టినా తినేవాడు, కాలవలో పూడిక తీయించమంటే తనే ప్యాంటు మడిచి దిగేవాడు. ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. ఆ గుణం లైను వాళ్ళకి వరమైంది. అదే గుణం పార్టీ పెద్దలకి కూడా వరమేనని అర్థం కావడానికి ఆవిడకి కొన్నేళ్ళు పట్టింది. నాటకాలు రాయడం మానేశాడు. అడిగితే, "ఇప్పుడు రోజూ ఆడుతున్నానుగా" అని నవ్వేవాడు. ఆ నవ్వు దేవుడమ్మకి నచ్చేది కాదు.

ఇలా ఉండగా హాలు గోడ మీద నోటీసు అంటించారు. భూమి కొన్న కొత్త కంపెనీ అక్కడ ఫ్యాక్టరీలు కట్టుకుంటుంది, లైను ఖాళీ చేయాలి. చెట్లు కొట్టేసినప్పుడు ఇంటికో ఇల్లు కట్టిస్తామని పాత కంపెనీ వాళ్ళు నోటితో చెప్పారు. నోటితో చెప్పినవి నీటి మీద రాతలని కొత్తవాళ్ళు చెప్పారు. తోటే లేనప్పుడు తోట కూలీలు ఎక్కడివాళ్ళు, కూలీలు కానివాళ్ళకి కూలీల ఇళ్ళెందుకు అన్నది వాళ్ళ వాదన. వినడానికి ఎంత చక్కగా ఉందో చూడండి.

తారాబాబు వచ్చి లైను అందరినీ హాలులో కూర్చోబెట్టి, "సభలో అడుగుతాను. కట్టిస్తామన్నవి కట్టించకుండా ఈ గోడ మీద సెయ్యి ఎయ్యొద్దని అడుగుతాను" అన్నాడు. దాలమ్మ కళ్ళొత్తుకుంది. దేవుడమ్మ ఒత్తుకోలేదు గాని, ఇంటికెళ్ళి బొప్పాయి మొక్కకి కొత్త పాదు చేసింది. ఇల్లు ఉంటుందన్న ధైర్యం లేకపోతే పాదెవరు చేస్తారు.

మూడు సాయంత్రాలు ఆవిడ వరండాలో ప్రసంగం మలయులో అప్పజెప్పుకున్నారు. మొదట రోడ్లు, తరవాత వరద కాలవ, తరవాత బడి పైకప్పు, ఆఖరున లైనులో ఇళ్ళు. అసలు మాట ఆఖరున పెట్టడం తారాబాబు నాటకాల్లోనూ అలవాటే. శాసనసభలో వెనక స్టూలు వేయనివ్వరు కాబట్టి ఆయన బెంగ పడ్డాడు. "జనాలు సూడ్డానికి పైన గేలరీ ఉంటాది, నువ్వొచ్చి కూకో. నువ్వు కనపడితే సాలు, మాటదే వస్తాది" అన్నాడు.

అలా దేవుడమ్మ పట్టుచీర కట్టుకుని, శాసనసభ ఉన్న అలోర్ సెటార్ వెళ్ళింది. కారు నడిపింది తారాబాబు పీఏ కిశోర్‌కుమార్. నలభై ఏళ్ళవాడు, లైనులో పుట్టి పెరిగినవాడే. తెలుగులో మొదలుపెట్టి తమిళంలోకి జారి మలయులో తేలుతుంటాడు, మాట చివర అక్కడి వాళ్ళలాగే ఓ 'లా' తగిలిస్తాడు. దారి పొడుగునా తారాబాబు ప్రసంగం గొణుక్కుంటూనే ఉన్నాడు. సభ బయట క్యాంటీనులో ఉండగా ఫోను మోగింది. తారాబాబు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు విన్నాడు, తక్కువ మాట్లాడాడు. తిరిగొచ్చి కాఫీ అయినా తాగకుండా, దేవుడమ్మ వైపు చూడకుండా, "నాను లోపలికి ఎల్తాను" అని వెళ్ళిపోయాడు.

"ఏటయినాది?" అంది దేవుడమ్మ.

కిశోర్‌కుమార్ గొంతు తగ్గించాడు. "పార్టీ పెద్దోళ్ళు పెద్దమ్మా. ఇళ్ళ గురించి అడగొద్దన్నారు. తక్ బోలే, కుదరదంట. ఆ కంపెనీతో గవర్నమెంటుకి పెద్ద ప్రాజెక్టు ఉన్నాది. అడిగితే వొచ్చే ఎలక్షన్ల సీటు లేదన్నారు లా."

"బాబు ఏటన్నాడు?"

"ఏటంటాడు. సరి సరి అన్నాడు."

దేవుడమ్మ కప్పులో మిగిలిన టీ చివరిదాకా తాగింది. తారాబాబు సరేనన్నాడంటే ఆవిడకి ఆశ్చర్యమేమీ కలగలేదు. ఆయన జీవితంలో ఎవరితోనూ కాదని అనలేదు కనక. అయినా ముప్పై ఇళ్ళూ ఒక ఫోనుతో పోవడమా అనిపించింది. అడగబోనని తనతో చెప్పడానికి మొహం చెల్లక ఆయన అలా పారిపోయినందుకు ఇంకా బాధేసింది.

గేలరీలో మొదటి వరసలో కూర్చుంది. అంత ఎత్తు నుంచి తారాబాబు కోటు వేసుకున్న పెళ్ళికొడుకు తాతగారిలా చిన్నగా ఉన్నాడు. ఆయన వంతు వచ్చింది. లేచాడు. ఒక్కసారి పైకి చూశాడు, వెంటనే చూపు దించుకున్నాడు. రోడ్ల గురించి చెప్పాడు. వరద కాలవ గురించి చెప్పాడు. బడి పైకప్పు గురించి, వానొస్తే పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకోవడం గురించి చెప్పి నలుగురినీ నవ్వించాడు. తరవాత ఆగాడు.

ఆ ఆగడం చూసి కిశోర్‌కుమార్ ఊపిరి పీల్చుకున్నాడు, అయిపోయిందనుకుని. సభలోవాళ్ళు ముసలాయన మాట మరిచిపోయాడనుకున్నారు. దేవుడమ్మ ఏదీ అనుకోలేదు. మరిచిపోయిన మనిషి ఎలా ఉంటాడో ఆవిడకి తెలుసు. వెతుక్కుంటాడు. కళ్ళు పక్కలకి పోతాయి, పెదాలు ఆడతాయి, పాదం నేలని తడుముతుంది. తారాబాబులో ఇవేమీ లేవు. మాట ఆయన నోట్లోనే ఉంది, మింగలేక కక్కలేక నిలబడ్డాడు. చెయ్యి అప్పుడే వెనకున్న కుర్చీ మీదికి పోయింది. ఇంకొక్క క్షణంలో ధన్యవాదాలు చెప్పి కూర్చుంటాడు.

ఆవిడకి కోపం రాలేదు. జాలి వేసింది. ఆయన కూర్చుంటే ఇళ్ళు పోతాయి. ఆ తరవాత ఆయన లైనుకి రాడు, వచ్చి ఎవరి మొహమూ చూడలేడు. ఇళ్ళూ పోయి, ఈ మనిషీ పోతాడు. దేవుడమ్మ ముందుకు వంగి, తన బతుకులో ఎన్నడూ వాడనంత గొంతు పెట్టి,

"లైనుల ఇల్లు, బాబూ. మన ముప్పై ఇల్లు" అంది.

సభంతా తలెత్తి చూసింది. ఎవరో నవ్వారు. కిశోర్‌కుమార్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. గేలరీ కాపలాదారు, బొద్దుగా ఉన్న మలయు ఆవిడ, గబగబా వచ్చి దేవుడమ్మ మోచెయ్యి పట్టుకుంది. మెల్లగానే పట్టుకుంది, కాని వదల్లేదు. స్పీకరు కళ్ళజోడు సవరించుకుని మలయులో అడిగాడు: "ఆవిడ ఎవరు? ఏ భాష అది? ఏమంటోంది?"

కింద సభలో తెలుగు తెలిసినవాడు తారాబాబు ఒక్కడే. మా ఊరి పెద్దావిడ, దీవిస్తోంది అని ఆయనంటే సరిపోయేది. అందరూ ఇంకోసారి నవ్వి ఊరుకునేవారు. పార్టీ పెద్దలు సంతోషించేవారు, సీటు పదిలంగా ఉండేది. దేవుడమ్మ తలుపు దాకా నడిచింది. కాపలావిడకి కూడా సంగతేమిటో వినాలనిపించినట్టుంది, తలుపు సగం తీసి అక్కడే ఆగింది.

తారాబాబు గొంతు కొంచెం ఆలస్యంగా వినిపించింది.

"అధ్యక్షా, ఆవిడ పేరు దేవుడమ్మ. నా నాటకాలకి ప్రాంప్టింగ్ చేసే మనిషి. నేను మాట మరిచిపోయాను, ఆవిడ అందించింది. ఆవిడని ఏమీ అనకండి, నలభై ఏళ్ళ అలవాటు అది. ఆ మరిచిపోయిన మాటేమిటో ఇప్పుడు చెబుతాను."

చెప్పాడు. వరండాలో అప్పజెప్పినదంతా, ఒక్క ముక్క తప్పకుండా. ముత్తాతలు నాటిన చెట్ల లెక్క చెప్పాడు. ఆ చెట్లు కొట్టేసినప్పుడు ఇచ్చిన మాట చెప్పాడు. ఇళ్ళు కట్టించేదాకా ఆ లైను గోడ మీద చెయ్యి వేయడానికి వీల్లేదని ప్రభుత్వం చెబుతుందా, చెప్పదా అని అడిగాడు. దేవుడమ్మ తలుపు పక్క గోడకి ఆనుకుని విన్నది. రెండు చోట్ల ఆయన తడబడ్డాడు. రెండు చోట్లా ఆవిడ పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. ఆయనే సర్దుకున్నాడు.

కాపలావిడ ఆవిడని బయట బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. "నిజంగానే మరిచిపోయారా ఆయన?" అని అడిగింది.

"అవును" అంది దేవుడమ్మ మలయులో. "పెద్దవాడయిపోయాడు."

కిశోర్‌కుమార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "పెద్దమ్మా, క్యాంటీన్ల సెప్పినాను గదా, అడగొద్దన్నారని. మల్లీ ఎందుకు అందించినావు?"

"మరిసిపోనానురా" అంది.

"ఆయనకీ మరుపే, నీకూ మరుపే. మీ ఇద్దరితో నాకు సావొచ్చింది లా" అని వాడు కారు తేవడానికి పోయాడు.

ఆ రోజు ఎవరో తీసిన వీడియో సాయంత్రానికల్లా ఫోనుల్లో తిరిగింది. శాసనసభలో ఒక ఎమ్మెల్యేకి గేలరీ నుంచి ముసలమ్మ మాటందించడం జనానికి మహా ముచ్చటగా ఉంది. ముందు నవ్వుకోవడానికి చూశారు. చూశాక, ఇంతకీ ఆ ఇళ్ళ సంగతేమిటి అన్నారు. పత్రికలవాళ్ళు లైనుకి వచ్చారు. దాలమ్మ వాళ్ళందరికీ టీ పోసి, అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెప్పింది. నోటీసులో పెట్టిన గడువు దాటింది, గోడ మీద చెయ్యి పడలేదు. తరవాత ప్రభుత్వం కంపెనీని పిలిచి మాట్లాడింది. ఫ్యాక్టరీలు కట్టే భూమిలోనే, రోడ్డు వైపు ఒక చెక్క వదిలి, ముప్పై ఇళ్ళు కట్టిచ్చేలా ఒప్పందం కుదిరింది. అవి పూర్తయ్యాకే లైను దించాలి. కొలతలు తీసి తాళ్ళు కట్టి పునాదులు తవ్వేదాకా దేవుడమ్మ నమ్మలేదు. తవ్విన రోజు వెళ్ళి, మట్టి చేతిలోకి తీసుకుని, నలిపి చూసింది.

తారాబాబు మాత్రం ఆ కథని ఊరంతా చెప్పుకు తిరిగాడు. ఏ పెళ్ళిలో చూసినా అదే కథ. తను మరిచిపోయి గుడ్లప్పగించడం, దేవుడమ్మ గేలరీ నుంచి అరవడం, స్పీకరు కళ్ళజోడు జారడం, అన్నీ తనే నటించి చూపించేవాడు. జనం పొట్టలు పట్టుకునేవారు. చెప్పిన ప్రతిసారీ దేవుడమ్మ వయసు, అరుపు రెండూ పెరిగేవి. ఆవిడ పక్కనుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆయన ఆ కథలో ఎక్కడా కుర్చీ మీదికి పోయిన చెయ్యి ఊసు తేలేదు. ఆవిడా తేలేదు.

ఎన్నికలు వచ్చాయి. పార్టీ అభ్యర్థుల పేర్లు చెప్పారు. తారాబాబు పేరు లేదు. ఫోనులో చెప్పిన మాట నీటి మీద రాత కాలేదు, చూశారా, కొందరి మాటకి ఎంత విలువో. ఆయన స్థానంలో ఎవరో కుర్రాడు, చూడకుండా గంట మాట్లాడగలవాడు నిలబడ్డాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం తారాబాబు పాత మోటారు సైకిలు మీద లైనుకి వచ్చాడు. కోటు లేదు, కిశోర్‌కుమార్ లేడు. వాడికి కొత్తాయన దగ్గర ఉద్యోగం తనే మాట్లాడి పెట్టాడట. వరండాలో ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. ఎదురుగా కొత్త ఇళ్ళ గోడలు నడుమెత్తు లేచి ఉన్నాయి, ఇసుక జల్లించే చప్పుడు వినపడుతోంది. దేవుడమ్మ టీ తెచ్చిచ్చి, గుమ్మంలో చతికిలబడింది. ఈయన కుర్చీని నేనే లాగేశానని ఆవిడ మనసు పొద్దుట్నుంచీ పీకుతూనే ఉంది.

"సీటు పోనాదంట గదా" అంది చివరికి.

"పోనాది."

"నా నోటివల్ల."

"నీ నోటివల్ల పోనాది సీటు. నీ నోటివల్ల లేసినాయి ఆ గోడలు" అని తారాబాబు కొత్త ఇళ్ళ వైపు గడ్డం చూపించాడు. "నాకు ఇంట్ల కూకుంటే ఏటీ తోసట్లేదు. హాలుల పిల్లల్ని పోగేస్తావా? ఒక కథున్నాది."

"పిల్లలకి తెలుగు ఇంటే తెలుస్తాది గాని పలకడం రాదు బాబూ."

"నాకు మట్టుకు వచ్చినాదేటి?"

ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు. టీ కప్పు రెండు చేతుల మధ్యా పట్టుకుని అలా తిప్పుతూ ఉన్నాడు. అన్ని పెళ్ళిళ్ళలో నవ్విస్తూ చెప్పిన మనిషి, ఇక్కడ ఇద్దరే ఉన్న చోట, దిగాలుగా ఉన్నాడు. సీటు పోయినందుకు కాదని దేవుడమ్మకి అర్థమైంది.

"దేవుడమ్మా, నీకొక మాట సెప్పాల."

"సెప్పు."

"ఆ దినం సభల నాను మరిసిపోలేదు." ఆయన కప్పులోకి చూస్తూ అన్నాడు. "మాట నోట్లోనే ఉన్నాది. కూకుండిపోదామనుకున్నాను. మీ అందర్నీ ఒగ్గేసి కూకుండిపోదామనే అనుకున్నాను. నువ్వు నాను మరిసిపోనాననుకుని అరిసినావు. ఊరంతా నన్ను మెచ్చుకుంటాంటే నాకు సిగ్గుగా ఉన్నాది."

దేవుడమ్మకి ఆయన మీద అంత ప్రేమ ఇదివరకెప్పుడూ కలగలేదు. తనకి తెలుసని చెప్పొచ్చు. చెబితే నిజమవుతుంది. అప్పుడు ఈ మనిషి మిగిలిన రోజులన్నీ ఆవిడ ఎదుట తల దించుకుని టీ తాగుతాడు. స్పీకరు అడిగినప్పుడు ఏ అబద్ధమైనా ఆడగలిగుండీ ఇళ్ళ మాటే ఎత్తినవాడు ఈయనే. ఆ రోజు సభలో ఆయన నిలబడే ఉన్నాడు, కూర్చోలేదు. ఆవిడ లెక్కలోకి తీసుకున్నది అదొక్కటే.

"మరిసిపోనావు బాబూ" అంది.

"లేదు, నాను..."

"మరిసిపోనావు. ఎప్పుడూ నీ ఎనకాల కూకున్నదాన్ని నాను. నువ్వు మరిసిపోనావో లేదో నీకేటి తెలుస్తాది?"

తారాబాబు తలెత్తి చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

"అవును" అన్నాడు ఆయన. "మరిసిపోనాను."